అల్ ఐన్‌లో కోట కంటే ముందు కాలువ చూడాలి

యూఏఈలోని అల్ ఐన్ వెళ్లొచ్చిన మనవాళ్లని ఏం చూశారని అడిగితే దాదాపు అందరూ ఒకటే చెబుతారు. జెబెల్ హఫీత్ కొండ మీదికి కారులో వెళ్లాం, జాహిలీ కోట ముందు ఫొటోలు దిగాం, పిల్లలకి జూ చూపించాం, చీకటి పడేలోగా దుబాయ్ వచ్చేశాం. మరి తోట చూడలేదా అంటే, "ఖర్జూరం చెట్లే కదా, పది నిమిషాలు నడిచి వచ్చేశాం" అంటారు. నాకు బాధ కలిగేది అక్కడే. ఆ పది నిమిషాల్లో వాళ్లు ఒక చిన్న కాలువని దాటుకుని వెళ్లి ఉంటారు, మహా అయితే రెండు మూడు జానల వెడల్పు ఉంటుంది. అది లేకపోతే ఆ కోట కట్టే అవసరమే ఉండేది కాదు, ఆ ఊరే ఉండేది కాదు.

నేను అనంతపురం జిల్లా వాణ్ణి. మా వైపు పెన్న, చిత్రావతి ఏటి ఇసకలో ఊట పట్టి, దాన్ని కాలువగా తవ్వి పొలాల దాకా తెచ్చుకునేవాళ్లు. ఊట కాలువ అనేవాళ్లు. నాకు ఊహ తెలిసేసరికే అవి చాలావరకు పూడిపోయాయి, పెద్దవాళ్లు చెబితే వినడమే. అందుకే అల్ ఐన్ తోటలో ఫలజ్ అంటే ఏమిటో ఒక పెద్దాయన నేల మీద పుల్లతో గీసి చూపించినప్పుడు, ఇది మా ఊట కాలువే కదా, వీళ్లు నేల కింద తవ్వారు అంతే అనిపించింది. ఆ రోజు నుంచి ఈ ఊరిని చూసే తీరే మారిపోయింది నాకు.

అల్ ఐన్ అబుదాబి ఎమిరేట్‌లోదే, రాజధానికి తూర్పున సుమారు 160 కిలోమీటర్లు, ఒమన్ సరిహద్దుని ఆనుకుని ఉంటుంది. అరబీలో ఐన్ అంటే ఊట. ఇక్కడికి వచ్చిన మనిషికి ఎదురయ్యే చిక్కు ఏమిటంటే, అయిదు వేల ఏళ్ల నాటి సమాధులు, నూట ముప్పై ఏళ్ల కోట, ఒంటెల సంత, కర్రలు పట్టుకుని చేసే నాట్యం, చిన్న కప్పులో పోసే కాఫీ, అన్నిటికీ "సంప్రదాయం" అని ఒకటే పేరు పెట్టి చూపిస్తారు. ఏది ఎప్పటిది, ఏది దేనివల్ల వచ్చింది, ఏది ఇంకా బతికి ఉంది, ఏది మన కోసం పెట్టింది, ఏమీ అర్థం కాదు. ఒక కొస పట్టుకుని లాగితే గానీ ఈ ముడి విడదు. నా లెక్కలో ఆ కొస నీళ్లు.

హజర్ పర్వతాలు అల్ ఐన్‌కి తూర్పున ఉన్నాయి, ఇప్పుడు వాటిలో ఎక్కువ భాగం ఒమన్‌లోకి వస్తుంది. ఏడాదిలో పడే ఆ కాస్త వాన కొండల మీద పడి, వాగుల్లోంచి ఇంకి, కొండల పాదాల దగ్గరి గులకరాళ్ల పొరల్లో నిలుస్తుంది. నీళ్లేమో అక్కడ ఎత్తులో, సాగుకి పనికొచ్చే మట్టేమో కిలోమీటర్ల దూరాన పల్లంలో. పైన కాలువ తవ్వి తెద్దామంటే ఊరు చేరేలోపు కొంత ఎండ తాగేస్తుంది, మిగతాది ఇసక తాగేస్తుంది. అందుకని కొండల వైపు నీళ్లు తగిలేదాకా ఒక బావి తవ్వుతారు. దాని పేరు ఉమ్ అల్ ఫలజ్, ఫలజ్‌కి తల్లి అన్నమాట. ఆ తల్లిబావి అడుగు నుంచి తోట దాకా నేల లోపల సొరంగం ఉంటుంది, కంటికి తెలియనంత తక్కువ వాలుతో. వాలు ఎక్కువైతే నీటి వేగానికి సొరంగం కోసుకుపోతుంది, తక్కువైతే నీళ్లు నిలిచి పూడుకుపోతుంది. నీరు పల్లమెరుగు అని మనం ఊరికే అనేస్తాం గానీ, ఆ పల్లాన్ని అన్ని కిలోమీటర్ల పొడవునా చీకట్లో దీపం పెట్టుకుని, గునపంతో, తాడుతో కొలిచి తవ్వడం ఎంత పనో ఒక్కసారి ఊహించండి. మోటారు లేదు, ఏతం లేదు, ఎద్దులు లేవు. నీళ్లు వాటంతట అవే నడిచి వస్తాయి.

సొరంగం పొడవునా అక్కడక్కడా పైకి నిలువు గుంతలు ఉంటాయి. తవ్విన మట్టి పైకి తీయడానికి, లోపలి మనిషికి గాలి ఆడటానికి, తర్వాత పూడిక తీయడానికి దిగడానికి అవే దారి. సొరంగం నేల పైకి తేలే చోటుని షరియా అంటారు. అక్కడ నుంచి తెరిచిన కాలువ. మొదట తాగడానికి పట్టుకునే నీళ్లు, ఆ తర్వాత మసీదుకి, స్నానాలకి, ఆ కిందే తోటలకి. ఈ వరస ఎందుకో మన పల్లెలో చెరువు చూసిన ఎవరికైనా చెప్పకుండానే తెలుస్తుంది.

ఫలజ్‌కి బహువచనం అఫ్లాజ్. అన్నీ ఒకే రకం కాదు. తల్లిబావి నుంచి సొరంగంలో వచ్చేది దావూదీ, వాగు పైపైన పారే నీళ్లని మళ్లించేది ఘైలీ, ఊట బుగ్గ నుంచి నేరుగా వచ్చేది ఐనీ. దావూదీ అనే పేరు వెనక ఒక కథ ఉంది, దావూదు కొడుకు సులేమాను ప్రవక్త ఈ ఎడారి మీదుగా వెళుతూ జనం దాహం చూసి, జిన్నుల చేత రోజుకి వెయ్యి కాలువలు తవ్వించాడని ఒమన్ వైపు చెప్పుకుంటారు. మనుషులు తవ్వారంటే నమ్మలేక పుట్టిన కథ అయ్యుంటుంది.

ఈ విద్య ఎక్కడ పుట్టిందన్న దాని మీద పండితుల మధ్య తగువు ఉంది. ఇరాన్‌లో ఖనాత్ అనే ఇలాంటి సొరంగాలే ఉన్నాయి, కాబట్టి అక్కడి నుంచే అరబ్బు నేలకి వచ్చిందని చాలాకాలం రాస్తూ వచ్చారు. అయితే అల్ ఐన్‌లో హీలీ దగ్గర తవ్వకాల్లో బయటపడిన ఫలజ్ క్రీ.పూ. 1000 ప్రాంతానిది. అల్ ఐన్‌లో ఎన్నో ఏళ్లు పనిచేసిన పురావస్తువేత్త వలీద్ యాసీన్ అల్ తిక్రితీ, ఇది ఇక్కడే పుట్టిందని వాదించారు. నాకు ఆ వాదన సబబుగానే అనిపిస్తుంది, ఇంత నీటి కరువున్న చోట మనుషులు ఇలాంటిది కనిపెట్టడానికి ఎవరో వచ్చి నేర్పాల్సిన పనిలేదు. ఏమైనా ఈ విద్య తర్వాత చాలా దూరం ప్రయాణించింది. జహీరాబాద్ దాటి బీదర్ వెళితే అక్కడా బహమనీల కాలం నాటి ఇలాంటి సొరంగమే ఉంది, కరేజ్ అంటారు. మన పక్కనే ఉన్నదాన్ని చూడనివాళ్లు మనలో ఎంతమందో.

సొరంగం తవ్వడం ఒక ఎత్తయితే, వచ్చిన నీళ్లు పంచుకోవడం ఇంకో ఎత్తు. అల్ ఐన్ తోట ఒకే తోటలా కనిపిస్తుంది గానీ, లోపల వందల కొద్దీ చిన్న చిన్న తోటలు, ఒక్కోటీ ఒక్కో కుటుంబానిది, మధ్యలో మట్టి గోడలు. చెట్లు సుమారు లక్షా 47 వేలు, ఖర్జూరంలో వంద దాకా రకాలు. ఇన్ని తోటలకి ఒకటి రెండు కాలువలు. అందుకే నీళ్లని కొలిచేది కాలంతో. ఫలానా తోటకి ఫలానా రోజు ఇంతసేపు. పగలు నీడని బట్టి, రాత్రి నక్షత్రాలని బట్టి వంతు మారేది. ఇదంతా చూసే మనిషిని అరీఫ్ అంటారు. తెలంగాణలో నీరటి అంటాం, రాయలసీమలో నీరుగంటి అంటాం, అచ్చం ఆ మనిషే. ఎవరి మడవ ఎప్పుడు తెరవాలో, ఎప్పుడు కట్టాలో అతని మాటే మాట. ఊళ్లో అందరూ నమ్మే మనిషి అయితేనే ఆ పని నిలుస్తుంది, లేకపోతే రాత్రికి రాత్రి గొడవలు. 2020లో యునెస్కో ఈ అఫ్లాజ్ పద్ధతిని అభౌతిక వారసత్వ జాబితాలో చేర్చింది. కాలువని నిలబెట్టుకునే తెలివినీ, పంచుకునే కట్టుబాటునీ వారసత్వంగా గుర్తించారన్నమాట, నాకు బాగా నచ్చిన విషయం ఇది.

నీటి వంతులకి ధర ఉండేది. అమ్ముకోవచ్చు, కొనుక్కోవచ్చు, కౌలుకి ఇవ్వొచ్చు. అంటే భూమి ఉన్నా నీళ్లు లేనివాడు లేనివాడే. షేక్ జాయెద్ కథ అర్థం కావాలంటే ఇది తెలియాలి. ఆయన్ని మనం యూఏఈ తొలి అధ్యక్షుడిగానే ఎరుగుదుం. కానీ 1946 నుంచి 1966 దాకా, అంటే ఇరవై ఏళ్లు, ఆయన అబుదాబి పాలకుడైన తన అన్న తరఫున అల్ ఐన్‌ని చూసుకున్నాడు. అప్పటికి చమురు డబ్బు లేదు, అబుదాబి నుంచి మొదటి చమురు ఓడ వెళ్లిందే 1962లో. ఆయన చేతిలో ఉన్నదల్లా పూడిపోయిన కాలువలు, తగువులు. పూడికలు తీయించాడు, తనూ మనుషులతో పాటు దిగి తవ్వాడని ఇప్పటికీ చెప్పుకుంటారు. అల్ సారూజ్ అనే కొత్త ఫలజ్ మొదలుపెడితే పూర్తవడానికి సుమారు 18 ఏళ్లు పట్టింది. అంతకంటే పెద్ద పని, నీళ్లని డబ్బున్నవాళ్ల చేతిలోంచి తప్పించి అందరికీ ఉచితంగా పంచాలని పట్టుబట్టి, ముందు తన కుటుంబం వాటాలే వదిలించాడు. ఎడారిలో నీళ్ల మీద హక్కు వదులుకున్నవాడి మాటని జనం ఎందుకు విన్నారో వేరే చెప్పాలా.

ఇప్పుడు కోట దగ్గరికి రండి. జాహిలీ కోట 1890ల నాటిది, షేక్ జాయెద్ తాతగారు, ఆయన పేరూ జాయెదే, కట్టించాడు. మట్టి ఇటుకలు, ఖర్జూరం దూలాలు, ఒక మూల అంచెలంచెలుగా పైకి లేచిన గుండ్రటి బురుజు. తోటనీ నీళ్లనీ కాచుకోవాలి కాబట్టే కోట. చుట్టుపక్కల ఒంటరిగా కనిపించే కావలి బురుజులకి కూడా చాలావాటికి అదే పని, ఎందుకంటే సొరంగం గుంతల్లో రాళ్లు పడేస్తే ఊరు ఊరంతా ఎండిపోతుంది. 1952లో ఈ ఒయాసిస్సుల కోసం సౌదీ మనుషులు హమాసా ఊరిని పట్టుకుని కూర్చోవడం, 1955లో వాళ్లని వెళ్లగొట్టడం కూడా జరిగింది. అప్పట్లో ఇక్కడి తొమ్మిది పల్లెలూ ఒకే ఒయాసిస్సు కింద లెక్క, ఆరు అబుదాబివి, మూడు ఒమన్‌వి. ఇప్పుడు మధ్యలో కంచె ఉంది, అవతలిది బురైమీ.

జాహిలీలో ఒక వైపు గదుల్లో విల్‌ఫ్రెడ్ థెసిగర్ ఫొటోలు ఉంటాయి, 1940లలో రుబ్ అల్ ఖాలీ ఎడారిని ఒంటెల మీద రెండుసార్లు దాటిన ఇంగ్లీషువాడు, ఇక్కడివాళ్లు ముబారక్ బిన్ లండన్ అని పిలుచుకున్నారు. కోట గోడల కంటే ఆ ఫొటోల ముందు ఎక్కువసేపు నిలబడండి. రంగు లేని ఆ బొమ్మల్లోని మనుషుల మనవలే ఇవాళ రోడ్ల మీద పెద్ద కార్లలో తిరుగుతున్నారు, మధ్యలో గడిచింది సుమారు ఎనభై ఏళ్లే.

హీలీ పార్కులోని పెద్ద సమాధి నాలుగు వేల ఏళ్ల పైమాటే, ఉమ్ అల్ నార్ అనే కంచు యుగపు సంస్కృతి కాలానిది. గుండ్రంగా, చెక్కిన పెద్ద రాళ్లతో, ద్వారం మీద కొమ్ముల జింకలూ మనుషులూ. అయితే పడిపోయిన రాళ్లని ఏరి పేర్చి తిరిగి నిలబెట్టారని తెలుసుకుని చూడాలి. జెబెల్ హఫీత్ పాదాల దగ్గర అంతకంటే పాతవి, తేనెపట్టు గూడు ఆకారంలో రాళ్ల సమాధులు ఉన్నాయి, సుమారు అయిదు వేల ఏళ్లవి. 2011లో యునెస్కో ఈ సమాధులనీ, హీలీనీ, బిదా బింత్ సౌద్ అనే పురావస్తు స్థలాన్నీ, ఆరు ఒయాసిస్సులనీ కలిపి ఒకే ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది, యూఏఈలో అదే మొదటిది. ఇన్నిటిని ఒక్కటిగా ఎందుకు కట్టారంటే, మనుషులు ఇక్కడ ఎడతెగకుండా బతకగలిగారు అన్నదే ఆ వారసత్వం, దానికి సాక్ష్యాలు ఇలా విడివిడిగా పడి ఉన్నాయి.

ఒక విషయం దాచకుండా చెప్పాలి. మీరు తోటలో చూసే ఆ నీళ్లు ఇప్పుడు తల్లిబావి నుంచి రావడం లేదు. బోర్లు పడ్డాయి, ఊరు పెరిగింది, భూగర్భజలం కిందికి దిగిపోయింది, అఫ్లాజ్ ఒక్కోటే ఎండిపోయాయి. ఇప్పుడు మోటార్లతో తోడిన నీళ్లని ఆ పాత కాలువల్లోకి వదులుతున్నారు. ఈ సంగతి తెలిసినప్పుడు నాకు గొంతు పట్టేసినట్టయింది, మా ఊట కాలువలకి జరిగింది కూడా ఇదే మరి. అయితే ఇది ఉత్తుత్తి అలంకారమా అంటే కాదంటాను. కాలువ వెంట వంతులు ఇంకా మారుతున్నాయి, తోటలు ఇంకా కుటుంబాలవే, చెట్లు కాస్తున్నాయి, కాయలు కోస్తున్నారు. మా వైపు కాలువతో పాటు నీరుగంటి కూడా పోయాడు. వీళ్లు నీళ్లు పోయినా కాలువనీ, వరసనీ వదల్లేదు. ఆ తేడా చిన్నది కాదు.

తోటలోకి వెళ్లాక పైకే కాదు, అంచెలు అంచెలుగా చూడండి. పైన ఖర్జూరం గొడుగు, దాని నీడలో మామిడి, నిమ్మ, అరటి, అంజూరం, నేల మీద పశువుల గడ్డి. బయట కంటే లోపల చల్లగా ఉండేది అందుకే. ఖర్జూరంలో ఆడ చెట్టు, మగ చెట్టు వేరు. గాలికి వదిలేస్తే కాపు సరిగ్గా రాదు, అందుకని మగ పువ్వు రెమ్మల్ని తెచ్చి ప్రతి ఆడ చెట్టు ఎక్కి చేత్తో కడతారు. ఎక్కడానికి నడుముకి కట్టుకునే మోకుని హాబూల్ అంటారు, మన గీత కార్మికుల మోకు చూసినవాళ్లకి కొత్తేమీ కాదు. ఎండాకాలంలో కాయ రంగు మారి మెత్తబడుతుంది, ఆ దశలో రుతబ్ అంటారు, అప్పుడు తింటేనే ఖర్జూరం రుచి తెలిసేది. డబ్బాలో దొరికేది తమర్, పూర్తిగా ఎండినది. ఖలాస్, ఫర్ద్, ఖునైజీ, లూలూ, పేర్లు అడిగి ఒక్కోటి తినండి. ఒకప్పుడు తీరంలో మగవాళ్లు ముత్యాల కోసం సముద్రంలోకి వెళ్లే ఎండాకాలంలోనే, ఇళ్లలో మిగిలినవాళ్లు ఒంటెల మీద రోజుల తరబడి నడిచి ఈ తోటల నీడకి చేరేవాళ్లు. సముద్రం, ఎడారి, తోట వేరువేరు లోకాలనుకుంటాం, ఒకే కుటుంబం ఏడాదిలో మూడిటినీ చుట్టేది.

ఇవాళ చెట్టెక్కి కనిపించేవాళ్లు ఎక్కువగా పాకిస్తాన్, బంగ్లాదేశ్, మన దేశం నుంచి వచ్చినవాళ్లు. గల్ఫ్‌లో మజ్రా పని, అంటే తోట పని, ఏమిటో జగిత్యాల, నిజామాబాద్ వైపు ఇళ్లలో ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. యూఏఈ జనాభాలో స్వదేశీయులు పది మందిలో ఒకరికి అటూఇటూగా ఉంటారు. ఈ వారసత్వాన్ని రోజూ చేతుల మీద మోస్తున్నవాళ్లలో పెద్ద భాగం వలస కూలీలే అని పర్యాటక ప్రకటనల్లో రాయరు, కానీ అది నిజం, అది కూడా చూసి రావాలి.

మరి ఎమిరాతీలు, అంటే ఆ స్వదేశీయులు, ఎక్కడ కలుస్తారు? తక్కువ మందికే ఆ అవకాశం దొరుకుతుంది. అతిథుల్ని కూర్చోబెట్టే గది, కబుర్లు, తగువులు, పెళ్లి మాటలు అన్నీ నడిచే చోటు మజ్లిస్, పిలుపు ఉంటేనే వెళ్లేది. పిలుపు లేనివాళ్లు 1937లో కట్టిన అల్ ఐన్ ప్యాలెస్‌లో, అంటే షేక్ జాయెద్ 1966 దాకా ఉన్న ఇంట్లో, మజ్లిస్ గదులు ఎలా అమర్చారో చూడొచ్చు. కాఫీ ఇస్తే కుడి చేత్తో తీసుకోండి. కప్పులో అడుగున కొంచెమే పోస్తారు, తక్కువ పోశారని అనుకోవద్దు, నిండా పోస్తే తాగి వెళ్లిపొమ్మన్నట్టు. యాలకుల వాసనతో, చక్కెర లేకుండా ఉంటుంది, పక్కన ఖర్జూరం ఉంటుంది, చేదూ తీపీ కలిపే తాగాలి. చాలనుకుంటే కప్పుని అటూఇటూ ఊపి ఇవ్వండి, ఊపకపోతే పోస్తూనే ఉంటారు. వయసు మళ్లిన ఆడవాళ్ల ముఖం మీద బంగారు మెరుపుతో ఉండే చిన్న ముసుగు కనిపిస్తే, ఇక్కడ బుర్ఖా అంటే అదే. మనం బుర్ఖా అనే నల్ల పైవస్త్రాన్ని ఇక్కడ అబాయా అంటారు. అడగకుండా ఎవరికీ, ముఖ్యంగా ఆడవాళ్లకి, ఫొటోలు తీయకండి, మర్యాద సంగతి అటుంచితే చట్టరీత్యా కూడా నేరమే.

హరీస్ దొరికితే వదలొద్దు. గోధుమలూ మాంసమూ గంటల తరబడి ఉడికించి, మెత్తగా మెదిపి, పైన నెయ్యి వేస్తారు. మసాలా దాదాపు ఉండదు. హైదరాబాద్ బార్కస్‌లో యెమెన్ నుంచి వచ్చి స్థిరపడిన అరబ్బుల ఇళ్లలో ఇదే పేరుతో ఉంది, మన హలీమ్‌కి పెద్దమ్మ లాంటిది. హలీమ్ అనుకుని తింటే చప్పగా అనిపిస్తుంది, దాని రుచి దానిదిగా తినండి.

నడవడానికి నవంబరు నుంచి మార్చి దాకా హాయి. రుతబ్ కావాలంటే మాత్రం జూన్, జూలైలోనే రావాలి, ఉదయం తొమ్మిదిలోపు తోట చూసేయాలి. దుబాయ్ అల్ గుబైబా నుంచి నేరుగా బస్సు ఉంది, కారు లేదని ఆగక్కర్లేదు. ఒక్క రోజే ఉంటే కొండ మానేయండి, తోటకి మూడు గంటలు ఇవ్వండి. పెద్ద బాట వదిలి మట్టి గోడల మధ్య సందుల్లోకి వెళ్లి, కాలువ రెండుగా చీలే చోటు వెతకండి. ఒక వైపు నీళ్లు పారుతుంటాయి, ఇంకో వైపు మూసి ఉంటుంది. అక్కడ పని చేస్తున్న మనిషిని హిందీలో అడగండి, "ఆజ్ కిస్‌కా పానీ హై భాయ్?" అని. ఇవాళ వంతు ఎవరిదో అతను గోడ అవతలికి చెయ్యి చూపించి చెబుతాడు.